ఛార్జీ గడిలో రాసిన మాట

బిలాస్‌పూర్ శివార్లలోని మోప్కాలో త్రినాథరావు చేత ఫారం నింపించుకోని తెలుగు ఇల్లు లేదు. రేషన్ కార్డు దగ్గర్నుంచి పెన్షన్ కాగితం దాకా ఏదొచ్చినా ముందు ఆయన గుమ్మంలోకే వస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు స్టాఫుకి ఫ్రీ పాసులు రాసిన చెయ్యి మరి. ఆయన రిటైరై పన్నెండేళ్ళయింది గానీ ఆ చెయ్యి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

సిటీ బస్సుల సర్వే ఫారాలు వచ్చినప్పుడూ అంతే, నూటపన్నెండు ఇళ్ళవీ ఆయనే నింపాడు. ఊరికి కొత్త బస్సులు మంజూరయ్యాయి. ఏ దారిలో తిప్పాలో జనాన్ని అడిగి తేలుస్తారట. జాబితాలో తొమ్మిదో నంబరు మోప్కా నుంచి రైల్వే కాలనీకి. ఆ మాట చెవిన పడగానే ఆయన భార్య చిన్నమ్మి పొయ్యి మీద పప్పు వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది.

"బుధవారం కూడా తిరుగుతాదేటండీ?" అంది.

రైల్వే కాలనీ క్వార్టర్లో ఉన్న రోజుల్లో బుధవారమంటే సంత. పక్క ఊరు బిల్హా నుంచి ఆడవాళ్ళు లోకల్ బండిలో గంపలతో దిగేవారు. మన గోంగూరని వాళ్ళు అమారీ అంటారు. చిన్నమ్మి కోసమని ఒక ముసలామె రెండు కట్టలు గోనె కింద దాచి ఉంచేది. బేరం అయ్యాక కాలనీ ఆడవాళ్ళంతా కల్వర్టు గట్టు మీద కూర్చుని, లోకో షెడ్డు సైరన్ మోగేదాకా కబుర్లాడుకునేవారు. అంత సంతోషం చిన్నమ్మికి మళ్ళీ ఎక్కడా దొరకలేదు. మోప్కాలో సొంత ఇల్లు కట్టుకున్నాక సంత దూరమైంది. ఆటోవాడు నోటికొచ్చింది అడుగుతాడు. కొడుకు వేణుగోపాల్ బైకు మీద దింపుతానంటాడు గానీ, అతనికి తీరిక దొరికేది ఆదివారం. "ఒకరి వీలు సూసుకుని ఎల్తే అది సంతేటి?" అని రెండేళ్ళుగా ఆవిడ వెళ్ళడమే మానేసింది.

ఫారాల్లో చివరి గడి దగ్గర త్రినాథరావు కలం కాసేపు ఆగింది. బస్సుకి ఎంత ఛార్జీ ఇవ్వగలరు? ఎక్కువ రాస్తే అంతే వసూలు చేస్తారు, తక్కువ రాస్తే పరువు తక్కువ. అందరం రైల్వేవాళ్ళం, మనం టికెట్ కొనడమేమిటి? నూటపన్నెండు గడుల్లోనూ గుండ్రటి అక్షరాలతో 'పాస్' అని రాసి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

నెల తిరిగాక టౌన్ హాల్లో సభ పెట్టారు. ప్లాను మీద ఎవరికేం అభ్యంతరం ఉన్నా అక్కడ చెప్పుకోవచ్చు. చిన్నమ్మి జరీ అంచు చీర కట్టుకుని మరీ వచ్చింది. గోడ మీది పట్టికలో మొదటి విడత రూట్లు ఆరు ఉన్నాయి. తొమ్మిదో నంబరు అందులో లేదు.

త్రినాథరావు లేచి గట్టిగా అడిగాడు. "నూటపన్నెండు ఇళ్ళు కావాలంటే ఎందుకు తీసేసారు?"

వేదిక మీద ఉన్న ప్లానింగ్ ఆఫీసరు ప్రత్యూష కూడా తెలుగు పిల్లే, రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. "అంకుల్, బస్సులు సెంటర్ ఇస్తుంది. నడిపే ఖర్చు మనదే. దాంట్లో కనీసం మూడో వంతు టికెట్ల మీద రావాలి, మిగతాది కార్పొరేషన్ వేసుకుంటుంది. మీ రూట్లో జనం బహుత్ ఉన్నారు. పైసా మాత్రం జీరో. అందరూ పాస్ అని రాసారు కదా!"

హాల్లో అందరూ నవ్వారు. చిన్నమ్మి నవ్వలేదు. భర్త వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఎన్ని దెప్పినా పడేవాడే గానీ, ఆ చూపు త్రినాథరావుకి గుండెలో గుచ్చుకుంది. అతి తెలివికి పోయి ఆవిడ బుధవారాన్ని తన చేత్తోనే కొట్టేశాడు.

కూర్చోబోయినవాడు మళ్ళీ నిలబడ్డాడు. "అమ్మా, ఆ రాత నాది. వాళ్ళెవర్నీ అడగలేదు నేను. తప్పయిపోయింది."

అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. ప్రత్యూషకి జాలేసింది. "అచ్ఛా అంకుల్, పదిహేను రోజులు టైముంది. ఎవరిది వాళ్ళే రాసివ్వాలి. మీ హ్యాండ్‌రైటింగ్ మాత్రం వద్దు," అంది.

మర్నాటి నుంచి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. మొదటి ఫారం తమదే. అలవాటుగా ఆయన కలం మూత తీశాడు. చిన్నమ్మి చెయ్యి చాపింది.

"ఇలాగిచ్చీండి. నాను రాస్తాను."

వంకరటింకర అంకెల్లో పది అని వేసి, కింద సంతకం పెట్టింది.

కాగితాలు పైకి వెళ్ళి, వాటి మీద ఇంకో మీటింగ్ జరిగి, వానలు కూడా వెళ్ళిపోయాక తొమ్మిదో నంబరు వచ్చింది. మూడు నెలలు నడిపి చూస్తారు, టికెట్లు తెగితేనే ఉంచుతారు. మొదటి బుధవారం ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. కండక్టరు వీళ్ళ నెరిసిన జుట్టు, చేతిసంచి చూసి, "రైల్వేవాలే హై క్యా? బైఠియే, బైఠియే," అంటూ టికెట్ అడక్కుండానే ముందుకు పోబోయాడు.

త్రినాథరావు చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. వేసవి సెలవుల్లో కాలనీ కాలనీ అంతా సొంతూళ్ళకని విజయనగరం బండెక్కిన రోజులు గుర్తొచ్చాయి. ఒళ్ళో పులిహోర డబ్బాలు, పక్కన పిల్లలు. టీసీ వస్తే జేబు మీద చెయ్యేసి 'స్టాఫ్' అంటే చాలు, ఆయన తలూపి వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క మాటలో ఎంత దర్జా ఉండేది!

"స్టాఫ్ నహీఁ బేటా, పాసింజర్లం," అంది చిన్నమ్మి. "రెండు టికెట్లు కొట్టు."

త్రినాథరావు ఇరవై రూపాయలు తీసిచ్చాడు. ముప్ఫై ఏళ్ళు తమకోసం తను రాసుకున్న పాసుల మీద ఆవిడ పేరు ఎప్పుడూ లేదు, ఉన్నదల్లా 'సెల్ఫ్ అండ్ వైఫ్'. అలవాటుగా రెండు టికెట్లూ కలిపి జేబులో పెట్టుకోబోయాడు.

"నాది నాకిచ్చీండి," అంది చిన్నమ్మి. టికెట్ మడిచి కొంగున ముడేసుకుంది. కిటికీలోంచి మోప్కా వెనక్కి పోతుంటే చూస్తూ, నెమ్మదిగా అంది: "వచ్చే బుధవారం మీరు రాకపోయినా పర్నేదు. నానెల్లగలను."

ఆయన తన టికెట్ ఒక్కటే జేబులో పెట్టుకున్నాడు. మోచేత్తో పొడిచి ఆవిడే మళ్ళీ అంది, "అమారీ తెస్తాన్లెండి."