ఉరకలేని పిల్ల

పదహారో ఏట సౌజన్య కొత్తపేటలో వాళ్ళ బడి ఖోఖో జట్టుకు కెప్టెన్. ఆ ఏడే ఏమైందో ఏమో, మంచం దిగడం మానేసింది. అన్నం సయించదు, ఏడుపు ఆగదు. ఆటలే పిల్లను పీల్చేశాయని తల్లి తిరుపతమ్మ తీర్మానించి, ఆమె బూట్లు తీసి పక్కింటి పిల్లకిచ్చేసింది. "పండుకో బిడ్డా, ఉరుకుడు గిరుకుడు ఒద్దు" అంది. ప్రేమకొద్దీ చేసే పిచ్చిపనికి అడ్డేముంటుంది? దిగులైతే కొన్నాళ్ళకు తగ్గింది గాని, కాళ్ళు మంచానికి అలవాటుపడిపోయాయి. ఇరవై ఒకటో ఏట మేడమెట్లెక్కినా ఆయాసమే. రోజూ నడవమని డాక్టరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. తల్లి వింటేగా!

తెలంగాణ ఉద్యమం భగ్గుమంటున్న రోజులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పేర్చి, అక్కడే వండుకు తిని నిరసన తెలపడమన్నమాట. తిరుపతమ్మ గరిటె పట్టింది. సౌజన్య ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంది.

అన్నం ఉడుకుతుండగానే లాఠీలు విరుచుకుపడ్డాయి. ఒక పోలీసు గుండిగను తన్నాడు. మరుగుతున్న గంజి ఆడవాళ్ళ కాళ్ళ మీద పారింది. ఒకటే అరుపులు. చెదిరిన అన్నం నెత్తుటితో ఎర్రబడింది. తిరుపతమ్మ ఒక్క ఉరుకున సందులోకి చేరుకుంది. తిరిగి చూస్తే పక్కన కూతురు లేదు.

సౌజన్య కొంచెం దూరం పరుగెత్తి ఆగిపోయింది. రొమ్ము పట్టేసింది, మోకాళ్ళు మొరాయించాయి. జనమంతా చెల్లాచెదురైతే నడిరోడ్డు మీద ఆమె ఒక్కతే మిగిలింది.

"ఉరుకు! ఉరకవా? మాకే ఎదురు నిలబడ్తవా?" అంటూ పోలీసు ఆమె భుజం మీద, వీపు మీద బాదాడు.

"ఉరుకు బిడ్డా!" తిరుపతమ్మ గావుకేకలు పెడుతూ వెనక్కి వచ్చి కూతుర్ని కరుచుకుంది. ఇక దెబ్బలన్నీ ఆమెకే. మోచేయి విరిగిన చప్పుడు సౌజన్యకు స్పష్టంగా వినిపించింది. తర్వాతి దెబ్బ తలకు తగిలింది.

మర్నాడు బస్తీ నాయకుడు సైదులు శాలువా పట్టుకుని, మందిని వెంటేసుకుని దవాఖానకు వచ్చాడు. తిరుపతమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు.

"అందరు ఉరికిండ్రు. లాఠీలకు ఎదురు నిలబడ్డది గీ ఒక్క పిల్లనే!" అన్నాడు సైదులు. వెంట వచ్చినవాళ్ళు జై కొట్టారు.

సౌజన్యకు ఒళ్ళు మండిపోయింది.

"నేను నిలబడలే అన్నా. నాకు ఉరుక శాతగాలే. మా అమ్మకు శాతనైతది, ఉరికి బయటపడ్డది. నాకోసం వాపసొచ్చి సావుదెబ్బలు తిన్నది. గా శాలువా ఆమెకు కప్పు, సలికి వణుకుతున్నది."