ఊగే అక్షరం

ఆ ఫోన్లో ఆడగొంతు వినపడితే చాలు, సుబ్బరావమ్మకి ఒళ్ళు మండిపోయేది. గొంతా అది? బెల్లం పాకంలో ముంచి తీసినట్టు ఒకటే తీపి. "శభాష్ బంగారం! నీకు ఇంకో నక్షత్రం!" అంటుంది. పిల్ల నొక్కితే శభాష్. మళ్ళీ నొక్కితే మళ్ళీ శభాష్. పొద్దున్నే పళ్ళు తోముకోని పిల్లకి కూడా శభాషే. కన్నతల్లి కూడా పిల్లని అంతలా మెచ్చుకోదు, దిష్టి తగులుతుందని జంకుతుంది. ఈ మహాతల్లికి ఆ జంకూ లేదు, ఛీ.

ఆ యాప్ పేరు చిట్టిపలుకు. దర్శిలో మనవరాలు మోక్షితని చేర్పించిన బడివాళ్ళు అంటగట్టారు. ఫోను ఒక అక్షరం పలుకుతుంది, తెర మీద నాలుగు అక్షరాలు కనబడతాయి, పలికింది ఏదో చూసి పిల్ల నొక్కాలి. అలా వింటూ నొక్కుతూ ఉంటే అక్షరాలూ వస్తాయి, మాటలూ వస్తాయి అని చెప్పారు. ఆ రెండో ముక్కకే కొడుకు కోటేషూ కోడలు శ్రీదివ్యా పడిపోయారు. ఎందుకంటే మోక్షితకి నాలుగేళ్ళు నిండినా ఇంకా ఒక్క మాట లేదు. "అ" అంటుంది, "ఊ" అంటుంది, చెంగు పట్టి లాగుతుంది, కావలసిందాన్ని వేలు పెట్టి చూపిస్తుంది, అంతే. "మా కోటేషుకీ ఐదో ఏడు దాకా నోరు పెగల్లేదమ్మా, ఇది మా వంశంలో ఉన్నదే" అని ఊళ్ళో అందరికీ సర్దిచెప్పుకొచ్చింది సుబ్బరావమ్మే.

విచిత్రం ఏమిటంటే, మాట రాకపోయినా మోక్షితకి నక్షత్రాలు మాత్రం కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి తప్పు నొక్కదు. "చూశావా అమ్మా, నోరు తెరవదు గానీ దాని బుర్రలో అన్నీ ఉన్నాయి" అని కోటేష్ మురిసిపోయి, ఆ నక్షత్రాల బొమ్మని కనపడిన వాడికల్లా చూపించేవాడు. చూసినవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. సుబ్బరావమ్మకి ఆ అబ్బోలు కూడా నచ్చేవి కావు.

మిరప కోతలు మొదలయ్యాక ఆ ఫోనే పిల్లకి దిక్కయింది. కాయ పట్టిన చేత్తో పిల్లల్ని తాకకూడదని మిరప పండే ఊళ్ళలో పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా ఘాటు గోళ్ళ సందుల్లోంచి పోదు. ఆ చేత్తో బుగ్గ నిమిరితే బుగ్గ మండుతుంది, కన్ను తుడిస్తే ఇంక పొద్దుగూకేదాకా ఏడుపే. అందుకని కోతలై, కాయ ఎండి, టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, తొక్కి బండెక్కించేదాకా తల్లులు పిల్లల్ని దగ్గరికి తియ్యరు. దూరం నుంచే కేకేస్తారు. మిగతా పిల్లలు కేకకి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. మోక్షిత వచ్చేది కాదు. "మోక్షీ, అన్నం తిందువు రావే" అని శ్రీదివ్య కల్లం ఆ చివర నుంచి గొంతు చించుకున్నా తల ఎత్తేది కాదు.

"ఫోన్ పట్టుకుంటే దీనికి లోకమే తెలీదు" అని తల్లి విసుక్కునేది.

"మొండి ఘటం! ఎవరి పోలికో" అని నాయనమ్మ తిట్టేది.

చివరికి ఎవరో ఒకరు వెళ్ళి మోచేత్తో భుజం మీద తడితే, అప్పుడు తలెత్తి ఇంత నవ్వు నవ్వి లేచేది. ఆ నవ్వు చూసి తిట్టినవాళ్ళు తిట్టిన సంగతే మర్చిపోయేవాళ్ళు.

ఇలా ఉండగా బడి నుంచి కబురొచ్చింది. బడి మొత్తానికి ఎక్కువ నక్షత్రాలు మోక్షితకే వచ్చాయట, కంపెనీ వాళ్ళు వచ్చి వీడియో తీస్తారట. కోటేష్ నేల మీద నిలవలేదు. మర్నాడే కల్లం దగ్గర కారు దిగాడు చైతన్యకృష్ణ, ఆ యాప్ కంపెనీ తరఫున అక్కడి బళ్ళన్నీ చూసుకునేవాడు. దిగీ దిగగానే గుప్పున సెంటు వాసన. ఇంత ఘాటు కల్లంలోనూ వాడి సెంటే ముందు ముక్కుకు తగిలింది సుబ్బరావమ్మకి. ఎగాదిగా చూసి, మొహం తిప్పుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుకోవడంలో పడింది.

"హాయ్ గ్రాండ్‌మా!" అన్నాడు వాడు.

ఆవిడ పలకలేదు. చచ్చినా పలకదల్చుకోలేదు.

"వావ్, ఈ రెడ్ చూడండి సార్! బ్యాక్‌గ్రౌండ్ అదిరిపోద్ది. పాపని ఈ కుప్ప మధ్యలో కూర్చోబెడదాం" అన్నాడు కోటేషుతో.

"మిరపకాయల్లోనా?" సుబ్బరావమ్మ గయ్యిమంది. "నీకేమన్నా మతి పోయిందా అబ్బాయ్? నువ్వు కూర్చో ముందు, ఎట్టా ఉంటదో నీకే తెలుస్తది!"

"అమ్మా, నువ్వుండు" అన్నాడు కోటేష్ పళ్ళు కొరుకుతూ.

చివరికి కుప్పకి ఇవతల దుప్పటి పరిచి కూర్చోబెట్టారు. పిల్లకి కంపెనీ బొమ్మ అచ్చేసిన గౌను తొడిగారు. మొహానికి ఇంత పౌడరు కొట్టారు. "పాపా, స్మైల్! ఇంకొంచెం! పళ్ళు కనపడాలి!" అని వాడు మోకాళ్ళ మీద పాకుతూ, ఫోను కర్రకి గుచ్చి, తుమ్ముతూ, మళ్ళీ స్మైల్ అంటూ నానా హంగామా చేశాడు. సంతలో గేదెకి పళ్ళు చూసినట్టు ఉంది సుబ్బరావమ్మకి. కొడుకూ కోడలూ అది చూస్తూ చేతులు కట్టుకుని నవ్వుతుంటే ఇంకా రోత పుట్టింది.

"సరే, ఇప్పుడు పాప ఆడుతుంటే తీద్దాం. యాప్‌లో సౌండ్ తీసేస్తున్నానండీ, మ్యూజిక్ మేం తర్వాత వేసుకుంటాం" అని పిల్ల ఫోన్లో గొంతు నొక్కేశాడు.

హమ్మయ్య, ఇవాళ్టికి ఆ శభాష్‌ల గోల తప్పింది అనుకుంది సుబ్బరావమ్మ. మోక్షిత ఆడటం మొదలుపెట్టింది. నొక్కింది, నక్షత్రం. నొక్కింది, ఇంకో నక్షత్రం. చైతన్యకృష్ణ "సూపర్, సూపర్" అంటున్నాడు. సుబ్బరావమ్మ చేతిలో తాలుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"అబ్బాయ్, ఫోను పలకట్లేదుగా?"

"లేదు గ్రాండ్‌మా, మ్యూట్ చేశా."

"మరి ఏది నొక్కాలో దానికెట్టా తెలుస్తంది?"

వాడు నవ్వేశాడు. "అదే కదండీ టాలెంట్! అందుకేగా ఇంత దూరం వచ్చాం!"

కోటేష్ కూడా పళ్ళికిలించాడు. సుబ్బరావమ్మ లేచి, మనవరాలి వెనక్కి వెళ్ళి, భుజం మీదుగా తెరలోకి వంగి చూసింది. నాలుగు అక్షరాలు వచ్చాయి. పిల్ల వేలు పైకెత్తి ఊరుకుంది. కాసేపటికి నాలుగింట్లో ఒక అక్షరం, గాలికి ఆకు కదిలినట్టు, చిన్నగా ఊగింది. పిల్ల దాన్ని నొక్కింది. నక్షత్రం. మళ్ళీ నాలుగు. మళ్ళీ వేలు ఆగింది. ఒకటి ఊగింది. నొక్కింది.

"ఇదేంటి, అక్షరం ఊగుతోంది?"

"ఓ, అదా! హింట్ అండీ. పిల్లలు కాసేపు నొక్కకపోతే కరెక్ట్ ఆన్సర్ కొంచెం కదుల్తుంది. లేకపోతే తప్పులొస్తాయి, ఏడుస్తారు. వాళ్ళు ఏడిస్తే పేరెంట్స్ యాప్ తీసేస్తారు. మా వాళ్ళంతా కూర్చుని ఆలోచించి పెట్టారు."

"అంటే, వినకపోయినా నక్షత్రం ఇస్తారు."

"పిల్లలు హ్యాపీగా ఉండాలి కదండీ!"

ఇన్ని నెలలు ఇంటిల్లిపాదీ మురిసిపోయిన నక్షత్రాలు ఇవా? అంతకంటే పెద్ద భయం ఒకటి సుబ్బరావమ్మకి లోపల్నుంచి తన్నుకొచ్చింది. పైటచెంగు చేతికి చుట్టుకుని పిల్ల చేతిలో ఫోను లాక్కుంది. పిల్ల కెవ్వుమంది. మోచేతుల్తోనే దాన్ని పక్కకి తిప్పి, పత్తిచేను వైపు మొహం పెట్టి నిలబెట్టింది. ఏడుపు కాస్త తగ్గిందాకా ఆగి, వెనకనుంచి పిలిచింది.

"మోక్షీ!"

పిల్ల పత్తిచేను చూస్తోంది.

"ఒసే మోక్షితా!" ఈసారి పక్క కల్లంలో వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

అన్నం తిన్న స్టీలు పళ్ళెం అక్కడే ఉంది. దాన్ని అందుకుని, రాయి తీసుకుని, పిల్ల తలకి వెనగ్గా ఠంగుమని కొట్టింది. కాయలు ఆరబోసిన పరదా పట్టా మీద వాలిన కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. మోక్షిత వెనక్కి తిరగలేదు. నెత్తి మీదుగా పోతున్న కాకుల్ని చూసి, కన్నీళ్ళతోనే నవ్వి, వాటిని వేలు పెట్టి చూపించింది.

"ధ్యాస ఫోన్ మీద ఉంది అత్తయ్యా, అందుకే..." అంటూ ఆగిపోయింది శ్రీదివ్య.

"ఫోన్ దాని చేతిలో ఏదే?" అంది సుబ్బరావమ్మ.

కోటేష్ మొహం నల్లబడిపోయింది. ఆ కాస్త సేపూ చైతన్యకృష్ణ ఫోను వీడియో తీస్తూనే ఉంది. వాడు గొంతు సవరించుకున్నాడు.

"సారీ అండీ. ఈ బిట్ కట్ చేసేస్తాలెండి. లైట్ పోకముందే ఇంకొక్క స్మైలింగ్ షాట్ తీసుకుంటే నేను వెళ్ళిపోతా."

ఇంకొక్క షాట్! సుబ్బరావమ్మకి కంపరమెత్తిపోయింది. పళ్ళెం గిరాటేసి, చేతికి చుట్టిన చెంగు విప్పి, పొద్దున్నుంచీ కాయలు ఏరిన రెండు చేతులూ చాచి వాడి మొహం మీదకి వెళ్ళింది. "రారా, స్మైలు నీకు నేను చూపిస్తా! ఈ చేతులు నీ కళ్ళకి పూశానంటే వారం దాకా నీకు నీ అబ్బ కూడా కనపడడు! చెవుల్లేని పిల్లకి శభాషంటారా? దాన్నే ముందు కూర్చోబెట్టి, ఫొటోలు తీసుకుని అమ్ముకుంటారా? థూ, మీ బతుకులు చెడ!"

వాడు కర్రా ఫోనూ చంకన పెట్టుకుని కారెక్కాడు. సెంటు వాసన మాత్రం ఇంకా చాలాసేపు అక్కడే ఉంది.

కోటేష్‌ని తిట్టడానికి నోరు తెరిచింది గానీ వాడు కుప్ప పక్కన కూలబడి ఏడుస్తుంటే తిట్టబుద్ధి కాలేదు. తనని తాను తిట్టుకుంది. వంశంలో ఉందట, వంశంలో! అడిగినవాళ్ళ నోళ్ళు మూయించింది తనేగా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

కాయ కల్లంలో ఎలా ఉన్నది అలాగే వదిలేసి గుంటూరు వెళ్ళారు. పెద్దాసుపత్రి వరండాలో కూర్చునుంటే కోటేష్ ఫోనుకి బడివాళ్ళ నుంచి వీడియో వచ్చింది. ఎర్రటి కుప్ప ముందు పౌడరు మొహంతో మోక్షిత నవ్వుతోంది, కింద "చిట్టిపలుకుతో మాటలు నేర్చిన చిన్నారి" అని రాసుంది. లోపల మ్యూజిక్ మోగిపోతోంది. "తీసెయ్యమని ఫోన్ చేశానమ్మా, చూస్తాం అన్నారు" అన్నాడు కోటేష్ తలెత్తకుండా. శ్రీదివ్య మొహం చెంగులో దాచుకుంది. సుబ్బరావమ్మకి ఉమ్మేయాలనిపించింది, ఆసుపత్రని ఊరుకుంది.

వినికిడి పరీక్ష చేసేది అనీసా అనే అమ్మాయి. మాట నెమ్మది. లోపలికి పిలిచి ముందే చెప్పింది. "చూడండమ్మా, పాపకి నిజంగా ఎంత వినపడుతోందో సరిగ్గా తెలిస్తే దానికి తగ్గ మిషన్ చెవికి పెట్టి మాట తెప్పించడానికి ఇప్పుడైతే వీలుంది. ఆలస్యం అయ్యేకొద్దీ కష్టం. వినపడకుండానే వినపడుతోందని నేను రాసేశాననుకోండి, ఉన్న కాలం కాస్తా దాటిపోతుంది. మీరెవరన్నా ఒకరు లోపల కూర్చోండి."

శ్రీదివ్య ఏడుపు ఆపుకోలేకపోతోంది. సుబ్బరావమ్మ కూర్చుంది. చిన్న గది, గోడలకి మెత్తటి గుడ్డ. మోక్షితని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి పెద్ద హెడ్‌ఫోన్ డిప్పలు తగిలించి, చేతిలో పూస పెట్టింది అనీసా. చెవిలో మోత వినపడగానే పూసని గిన్నెలో వెయ్యాలి, అదీ ఆట. చేత్తో పట్టి వేయించి నేర్పింది. తర్వాత అద్దం అవతలికి వెళ్ళి మీటలు తిప్పడం మొదలుపెట్టింది. ఎప్పుడు మోత పంపుతోందీ అద్దం అవతల, పిల్ల వీపు వైపు వెలిగే దీపం వల్ల సుబ్బరావమ్మకి తెలుస్తోంది.

దీపం వెలిగింది. పిల్ల పూస వేసింది! మళ్ళీ వెలిగింది. మళ్ళీ వేసింది! ఓరి దేవుడా, వినపడుతోంది, నా తల్లికి వినపడుతోంది అని సుబ్బరావమ్మ గుండె గంతులేసింది.

అనీసా తలుపు తీసుకుని వచ్చింది. "అమ్మా, దీపం వెలిగినప్పుడల్లా మీరు కనుబొమ్మలు ఎగరేస్తున్నారు. పాప మీ మొహం చూసి వేస్తోంది. ఇదంతా లెక్కలోకి రాదు, మళ్ళీ మొదట్నుంచి చేద్దాం."

సుబ్బరావమ్మకి తల కొట్టేసినట్టయింది. తను ఎగరేస్తున్నట్టు తనకే తెలియదు. ఆ దిక్కుమాలిన ఫోను చేసిన పనే తన మొహమూ చేస్తోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఇంకెన్నిసార్లు ఇలాగే చేసిందో! తన మొహాన్ని తనే పీకి పారేయాలన్నంత రోత పుట్టింది. ఆ దీపం తన కంట పడకుండా కుర్చీ కాస్త పక్కకి తిప్పుకుని, పళ్ళు బిగించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కొయ్యబొమ్మలా కూర్చుంది.

పరీక్ష మళ్ళీ మొదలైంది. మోక్షిత పూస పట్టుకుని నాయనమ్మ మొహంలోకి చూసింది. ఏదీ ఊగలేదు. పిల్ల నవ్వింది. రోజూ ఆ నవ్వుకి కరిగిపోయే మొహం ఇవాళ కరగలేదు. పిల్ల తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. పూసని పైకెత్తి, వెయ్యనా అన్నట్టు చూపించింది. ఊ అను, ఒక్కసారి ఊ అను అని కళ్ళతోనే బతిమాలింది. పిల్ల కింది పెదవి వణికింది. సుబ్బరావమ్మ కనుబొమ్మ ఇంత కదిపితే చాలు, ఆ కళ్ళలో నీళ్ళు ఆగిపోతాయి. కదపలేదు.

అద్దం అవతల అనీసా మోత పెంచుతూ పోయింది. పెంచగా పెంచగా పిల్ల చెవి డిప్పల్లోంచి అది బయటికి కూడా వచ్చి ఎదురుగా కూర్చున్న సుబ్బరావమ్మకి స్పష్టంగా వినిపించింది. మోక్షిత ఆవిడ మొహమే చూస్తోంది. పూస చేతిలోనే ఉంది.