రాతి తొట్టెలో నక్షత్ర చేప

తొట్టె అద్దానికి పట్టిన పాచి గీకుతూనే ఆమె రాతి అంచుకేసి చూసింది. నారింజ రంగు నక్షత్ర చేప కదలకుండా పడి ఉంది. అయిదు చేతుల్లో ఒకటి ఊడి పదకొండు రోజులైంది.

ఆ సముద్ర జీవుల ప్రదర్శనశాలలో అందరికీ ఆమె తొట్లక్క. ఇరవై ఏడేళ్ళుగా సముద్రపు నీటి తొట్లు కడిగి కడిగి గోళ్ళు సగానికి అరిగిపోయాయి. ఉద్యోగానికి ఇవాళే ఆఖరి రోజు.

చేయి ఊడింది తెగులు వల్లనైతే తొట్టెలోని పద్నాలుగు నక్షత్ర చేపల్నీ తీసి పారేయాలంది అక్కడి జంతువుల డాక్టరమ్మ. అప్పటినుంచీ తొట్లక్కకు కంటిమీద కునుకు లేదు. మునుపోసారి, ఆల్చిప్పల్ని తినేస్తున్నాయని పాత అధికారి వీటిని వేరే తొట్టెకు మార్పించాడు. ఏడాది తిరక్కుండానే ఆల్చిప్పలు రాయంతా కమ్మేశాయి. నాచు మొలవడానికి చోటు లేక, నాచు తినే నత్తలు చచ్చిపోయాయి. చివరికి ఆయనే తల గోక్కుంటూ వచ్చి, వీటిని మళ్ళీ తెమ్మన్నాడు.

డాక్టరమ్మ తొమ్మిదింటికి వచ్చింది. "వెల్లకిలా వేసి చూద్దాం అక్కా. ఒంట్లో బాగుంటే అదే తిరుగుతుంది."

తొట్లక్క రెండు చేతులతో ఎత్తి, మెల్లగా వెల్లకిలా వేసింది. పొట్టవైపు వందల సన్నటి కాళ్ళు నీళ్ళలో తడుముకున్నాయి. పది నిమిషాలైనా అది తిరగలేదు. ఇంతలో మొగుడి ఫోను.

"ఇవాళైనా పెందలాడే వస్తావా?"

"ఉండండి, ఇక్కడ ఒకావిడ పక్క మార్చుకోలేక తంటాలు పడుతోంది."

అప్పుడు ఒక చేతి కొన వంగింది. రాతిని పట్టింది. ఇంకో చెయ్యి, ఆపైన ఒళ్ళంతా నెమ్మదిగా మడతపడి బోర్లా తిరిగింది. డాక్టరమ్మ భూతద్దం పెట్టి చూసింది. ఊడినచోట బియ్యపుగింజంత కొత్త చెయ్యి!

"తెగులు కాదక్కా. ఏ పీతో కొరికుంటుంది."

"హమ్మయ్య!" తడినేల మీదే చతికిలబడి తొట్లక్క నవ్వేసింది.

మధ్యాహ్నం దానికి ఒక ఆల్చిప్ప వేసింది. అది పైకెక్కి, పట్టు వదలకుండా లాగి, చిప్ప కాస్త తెరుచుకోగానే నోట్లోంచి తన పొట్టనే బయటికి తీసి అందులోకి జార్చింది. అది తినడం మొదలుపెట్టేదాకా చూసి, తొట్లక్క చేతులు కడుక్కుంది.

"వెళ్ళొస్తానమ్మా," అంది. పనిలో మునిగిన డాక్టరమ్మ, రోజూలాగే, "సరే అక్కా," అంది.

తొట్లక్క వెళ్ళిపోయాక కూడా తలుపు వెనక మేకుకు ఆమె పాత స్వెట్టరు, మోచేతుల దగ్గర ఉప్పు చారలతో, ఇంకా కాస్త తడిగానే వేలాడుతోంది.