ఏడుపు లేని పాక

“ఇంకో దఫా పెట్టు,” అన్నాడు ముంషీ దయాశంకర్.

సమ్మక్క వినబడనట్టే ఊరుకుంది. పొద్దున తల్లులు పిల్లలను దించి పోగానే ఒక్కొక్కరికి ఆవగింజంత నల్లమందు నీళ్లలో కరిగించి, గుడ్డ కొసతో నాలుక మీద రాసింది. ఇంకా మూడు గంటలు కాలేదు. పాకలో పద్నాలుగు మంది పసిబిడ్డలు వరసగా, వెల్లకిలా, ఒకరికొకరు తగలకుండా చాపల మీద పడి ఉన్నారు. మూలనున్న కమ్లీ కూతురు మాత్రం కాళ్లు తన్నుకుంటూ సన్నగా రాగం తీస్తోంది. ఆ రాగమే ముంషీని కంకర కుప్పల దగ్గరి నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

“చెవులు పోయినయా బుడియా? డాక్టర్ సాబ్ బండి వాగు దాటింది. సాబ్ లోపలికొచ్చే టైముకు ఏక్‌దమ్ చుప్ ఉండాలె. ఒక్క పిల్ల ఏడ్చినా ఠేకేదార్ నా తోలు దీస్తడు, నేను నీ తోలు దీస్త.”

“ఆ ఒక్క పిల్లకు పెడత సాబ్. కడమోళ్లు నిద్రల్నే ఉన్నరు గదా.”

“అందరికీ పెట్టు. నా కండ్ల ముందట పెట్టు.”

నడుము గుడ్డలోంచి రేకు డబ్బీ తీసి, నల్లటి ముద్దలోంచి గోటితో గిల్లి, తనే నీళ్లలో వేశాడు. గిల్లింది ఆవగింజంత కాదు. సమ్మక్క గిన్నె వైపు చూసింది, ముంషీ వైపు చూసింది, వంగింది. వరసలో పదకొండో చాప దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అది గంగే కొడుకు చాప. మూడో నెల పిల్లవాడు. పొద్దున వాడికి పెట్టలేదు. పెట్టనని గంగేకు మాటిచ్చింది.

“ఏంది ఆగినవ్?”

“వీడు శాన నీరసంగా ఉన్నడు సాబ్.”

“నీరసపోడు మధ్యల లేస్తడు. పెట్టు.”

సమ్మక్క గుడ్డ కొస వాడి నాలుక మీద రాసింది. వాడు చప్పరించాడు. ఎవరేం పెట్టినా నమ్మే వయసు.

కోంట నుంచి అడవి లోపలికి, చింతలనార్ వైపు బాట వేస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంటికొక మనిషి రావాలని ఊరిపెద్దల చేత చెప్పించారు. రానని చెప్పే ఇల్లు ఏ ఊళ్లోనూ లేదు. మగవాళ్లు చెట్లు కొట్టి, రాళ్లు దొర్లించి తెస్తే, ఆడవాళ్లు సుత్తెలతో కంకర కొట్టి తట్టల్లో మోస్తారు. రోజుకు రెండణాలు. సమ్మక్కది మరైగూడ. నిరుడు సుత్తి కింద పడి ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి కాబట్టి ఆమెకు సగం కూలీ, రెండు పూటలా జావ, ఈ పాక కాపలా. ఇది పోతే చేసుకోవడానికి మరో పని లేదు. పెట్టేవాళ్లు అసలే లేరు.

పాక పెట్టించింది డాక్టరు గారే. పోయిన ఎండాకాలం కంకర కుప్ప పక్కన పడుకోబెట్టిన పిల్ల మీదుగా రాళ్లబండి పోయింది. ఆ సంగతి తెలిసి డాక్టరు జగదల్‌పూర్ నుంచి వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, మెత్తని వాడు, చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెళ్లి, పసిపిల్లల పెంపకం గురించి పన్నెండు సూత్రాలు హిందీలో అచ్చు వేయించి పంపాడు. పిల్లలను నీడలో ఉంచాలి. వెల్లకిలా, విడివిడిగా పడుకోబెట్టాలి. ముఖం మీద గుడ్డ కప్పకూడదు. మూడు గంటలకొకసారి, వేళ ప్రకారం పాలివ్వాలి. పాలిచ్చే ముందు తల్లి చేతులు కడుక్కోవాలి. ఇవి పాటించకపోతే బాట కంట్రాక్టు ఇంకొకరికి పోతుందన్నారు. ఠేకేదారు రెండు రోజుల్లో పాక వేయించాడు.

ముంషీ ఆ కాగితాన్ని గుంజకు అంటించి ఆడవాళ్లందరినీ కూచోబెట్టి చదివి వినిపించాడు. తొమ్మిదో సూత్రం, నల్లమందు ఎంతమాత్రం పెట్టకూడదన్నది, చదవలేదు. మిగతా పదకొండూ చదివాడు. వేళ ప్రకారం పాలివ్వాలన్న దాన్ని మాత్రం మూడుసార్లు చదివాడు. అది ఆయనకు బాగా నచ్చింది. అంతకు ముందు పిల్లవాడు కేరుమంటే చాలు, తల్లి సుత్తి పడేసి పరిగెత్తేది. ఇప్పుడు పరిగెత్తితే సూత్రం తప్పినట్టు, రోజు కూలీ కోత.

కానీ పిల్లలకు చదువు రాదు కదా, ఆకలైనప్పుడల్లా ఏడ్చారు. ఏడుపు వింటే తల్లుల రవికెలు తడిసేవి, చేతుల్లో సుత్తెలు ఆగేవి. కంకర తగ్గింది. అప్పుడు వచ్చింది రేకు డబ్బీ. ‘బలానికి మందు, సాబ్ పంపిండు’ అన్నాడు ముంషీ. నల్లమందును గుర్తుపట్టలేనంత అమాయకురాలు కాదు సమ్మక్క. గుర్తుపట్టింది. పట్టి, ఊరుకుంది. తల్లుల దగ్గర కూడా నోరు విప్పలేదు.

ఇవాళ తెల్లవారుతూనే గంగే వచ్చి పాక బయట నిలబడింది. దొర్ల తెగ పిల్ల, ఇరవై ఏళ్లు ఉండవు. ఇదే మొదటి కాన్పు.

“పెద్దమ్మా, వీడు పాలు తాగుతలేడు. నోట్లె పెడితె రెండుసార్లు గుంజి నిద్రవోతడు. రాత్రంత గూడ గంతే. నా పాలు గట్టివడి నొప్పి బెడుతున్నయి, పిల్లగాడేమొ సన్నమయితుండు. ఆ మందేదో వీనికి పడుతలేదు పెద్దమ్మా. ఇయ్యాల పెట్టకు.”

“పెట్టను లే బిడ్డా.”

“ఒట్టు?”

“పెట్టనంటి గదా! పో, ముంషీ చూస్తుండు.”

గంగే నవ్వింది. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ నవ్వు ఇప్పుడు సమ్మక్కను కూచోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు.

కమ్లీ కూతురి రాగం కూడా ఆగిపోయింది. ముంషీ తృప్తిగా మీసం దువ్వుకుని బండికి ఎదురు వెళ్లాడు. సమ్మక్క పదకొండో చాప దగ్గర చతికిలబడి పిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేసింది. పొట్ట లేచింది, దిగింది. మళ్లీ లేవడానికి చాలాసేపు పట్టింది. ఆలోపు తను నాలుగుసార్లు ఊపిరి పీల్చింది. అరికాలు గిల్లింది. నుదుటి మీద చన్నీళ్లు రాసింది. కనురెప్ప కదిలి ఆగిపోయింది. ‘లే నాయనా, లే. ఒక్కసారి ఏడువు, నీకు దండం బెడత’ అని చెవిలో చెప్పింది. ఇన్నాళ్లూ ఏడవకండి అని బతిమాలిన నోరు అది.

బయట మాటలు వినబడ్డాయి. సమ్మక్క లేచి గుంజకు ఆనుకుని నిలబడింది.

డాక్టరు తలవంచి లోపలికి వచ్చి అలాగే ఆగిపోయాడు. అంతమంది పిల్లలు, అంత నిశ్శబ్దం. చెప్పులు విప్పి మునివేళ్ల మీద నడిచాడు. చాపకూ చాపకూ మధ్య దూరం జానతో కొలిచాడు. దిండ్లు లేవు, ముఖాల మీద గుడ్డలు లేవు. ఆయన ముఖం వికసించింది.

“చాలా బాగా చూసుకుంటున్నావమ్మా,” అన్నాడు గుసగుసగా.

పదకొండో చాప దగ్గర కొంచెం వంగాడు. “వీడు మరీ పాలిపోయాడే. కడుపులో ఏలికపాములుంటాయి. మందు పంపిస్తాను.”

ఆ క్షణాన సమ్మక్క చెప్పేసి ఉంటే ఏమయ్యేదో! డాక్టరు అక్కడే ఉన్నాడు, తెలుగు తెలిసినవాడు, పిల్లవాడి పొట్ట ఇంకా లేస్తూనే ఉంది. ఆమె నోరు తెరిచింది కూడా. డాక్టరు భుజం మీదుగా ముంషీ చూశాడు. జావ కుండ, రేపటి పూట, తెగిపోయిన వేళ్లు, అన్నీ ఒక్కసారే ఆమెకు గుర్తొచ్చాయి.

“వాణ్ణి లేపనా సాబ్?” అంది చివరికి.

“అయ్యో, నిద్రపోయే బిడ్డను ఎందుకమ్మా లేపడం? వేళకు వాడే లేస్తాడు.”

డాక్టరు బయట బల్ల మీద కూచుని తనిఖీ పుస్తకంలో రాసుకున్నాడు. ఇంత ప్రశాంతమైన పిల్లల పాక తానెక్కడా చూడలేదని రాసి సంతకం పెట్టాడు. ముంషీ మజ్జిగ తెప్పించాడు. డాక్టరు తాగి, జేబు గడియారం తీశాడు.

“పదకొండు అయిందే. పాలిచ్చే వేళ కదూ? గంట కొట్టించండి, అది కూడా చూసి పోతాను.”

“ఎండ ముదురుతది సాబ్, మీరు బయలెల్లితె…”

“సూత్రం సూత్రమే, ముంషీజీ.”

గంట మోగింది. ఆడవాళ్లు సుత్తెలు వదిలి వచ్చారు. అందరికంటే ముందు గంగే పరిగెత్తుకొచ్చింది. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఉండండమ్మా. ముందు చేతులు. సబ్బు ఉందా? వరసలో రండి.” ఒకే కుండ, ఒకే చెంబు. తోసుకురావడంలో గంగే వరస చివరికి పడింది. తడిసిన రవికె మీద చేతులు కట్టుకుని, మునివేళ్ల మీద లేచి పాకలోకి చూస్తూ నిలబడింది. ఆమె వంతు వచ్చేసరికి లోపల కమ్లీ గొంతు వినబడింది.

“పిల్ల లేస్తలేదు! పెద్దమ్మా, నా పిల్ల లేస్తలేదు!”

అప్పుడు ఒకరి తర్వాత ఒకరు అదే మాట. పాలు పిల్లల పెదాల మీదుగా కారి మెడల్లోకి పోతున్నాయి. డాక్టరు చెప్పులతోనే లోపలికి వచ్చాడు. దగ్గరలో ఉన్న పిల్ల కనురెప్ప ఎత్తాడు. కంటిపాప సూదిమొనంత అయి ఉంది. అది నల్లమందు గుర్తని ఆయనకు తెలుసు.

“ఎవర్నీ నిద్రపోనివ్వకండి! నీళ్లు చల్లండి, అరికాళ్లు కొట్టండి, ఎత్తుకుని తిప్పండి. ఏడిపించండి!”

పాక నిండా తల్లులు తమ పిల్లలను కొడుతున్నారు. కొడుతూ ఏడుస్తున్నారు. ‘ఏడువు బిడ్డా, ఏడువు’ అని తెలుగులో, దొర్లిలో, గోండీలో మొత్తుకుంటున్నారు. పొద్దు నడినెత్తి దాటేవేళకు కమ్లీ కూతురు మొదట ఏడ్చింది. తర్వాత ఇంకొకరు. సాయంత్రానికి పదమూడు మంది ఏడ్చారు.

గంగే కొడుకు ఏడవలేదు. డాక్టరు వాడి గుండె మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. లేచి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“ఎవరు పెట్టారు?” అన్నాడు బయటికి వచ్చి.

“ఈ జంగ్లీ ఆడోళ్లు ఇంటికాడనే పెట్టుకోని తెస్తరు సాబ్,” అన్నాడు ముంషీ తడుముకోకుండా. “కాగితం చదివి జెప్పిన. వినరు. ఈ పిల్లగాడి తల్లే పెట్టింది.”

డాక్టరు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ మాట ఆయన ఎన్నో ఊళ్లలో విన్నాడు, ఎన్నో తనిఖీ పుస్తకాల్లో రాశాడు. కలం మూత తీశాడు. గంగే బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఇంకా అరికాళ్లు కొడుతూనే ఉంది. తన మీద ఏం రాస్తున్నారో ఆమెకు తెలియదు.

“కాదు,” అంది సమ్మక్క.

ముంషీ తిరిగి చూశాడు. “చుప్.”

“తల్లి పెట్టలే సాబ్. నేను పెట్టిన. దినాం నేనే పెడుతున్న. ఇయ్యాల ఈయన ముందట నిలవడి రెండోసారి పెట్టిపిచ్చిండు. డబ్బీ ఈయన నడుముల ఉన్నది, తీపిచ్చి చూడు.”

ముంషీ కొట్టిన చెంపదెబ్బకు సమ్మక్క కింద పడింది. లేచింది. గంగే తల ఎత్తి ఆమెనే చూస్తోంది.

“పెట్టనంటివి గదా పెద్దమ్మా,” అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే సమ్మక్క తట్టుకునేది.

డాక్టరు కలాన్ని కాగితం మీద ఆనించలేదు. సమ్మక్కను పక్కకు పిలిచి, నచ్చజెబుతున్నట్టు నెమ్మదిగా మాట్లాడాడు.

“చూడమ్మా. నువ్వు చెప్పింది రాస్తే నిన్ను జైల్లో పెడతారు. పాక ఎత్తేస్తారు. ఎంత కష్టపడితే ఇది వచ్చిందో నీకు తెలుసు. పిల్లలు మళ్లీ ఎండలో, బండ్ల కింద పడుకుంటారు. అది నీకు ఇష్టమేనా?”

“పండుకోనియ్యి సాబ్. ఏడుస్తరు. ఏడిస్తె తల్లికి ఇనవడ్తది.”

డాక్టరు పుస్తకం మూసి, బండి కట్టమని చెప్పాడు. జగదల్‌పూర్ వెళ్లాక ఆలోచిస్తానన్నాడు. సమ్మక్క వెళ్లి బండికి అడ్డంగా, ఎద్దుల కాళ్ల ముందు కూచుంది.

“రాసినంక పో.”

“లేవమ్మా.”

“తల్లి పెట్టలేదని రాయి. నా పేరు రాయి, ఈయన పేరు రాయి. రాసింది ఇక్కడ్నే చదివి ఇనిపియ్యి, ఒక్క ముక్క ఇడువకుంట. అప్పుడు పో.”

ముంషీ ఆమెను జుట్టు పట్టి బండి పక్కకు ఈడ్చాడు. ఆమె చేతికందిన చక్రం ఆకుకర్ర పట్టుకుంది, ఎడమచేతి మూడు వేళ్లతోనే. కమ్లీ, తన కూతుర్ని చంకన వేసుకుని వచ్చి, ఆమె పక్కన కూచుంది. కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. కమ్లీ ఊరుకోబెట్టలేదు. ఇంకో తల్లి వచ్చింది. ఇంకొకతె వచ్చింది. ‘కంకరకు పోండ్రి, రోజు కూలీ కట్ జేస్త’ అని ముంషీ అరుస్తున్నాడు. ఒక్క సుత్తె చప్పుడూ కాలేదు.

గంగే మాత్రం వచ్చి వాళ్ల దగ్గర కూచోలేదు. పాక వేయకముందు కట్టుకున్నట్టే కొడుకును గుడ్డతో వీపుకు కట్టుకుంది. ముడి సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంది. బాట పక్కన నిలబడి, డాక్టరు చేతిలోని కలం వైపు చూస్తూ ఉంది.