కాన్పుల నర్సమ్మ హార్డ్ డిస్క్

ముప్పై రెండేళ్లు కాన్పులు చేసి రిటైరైన నర్సమ్మకి ప్రాణం లాంటిది ఒకటే, అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్క్. తన చేతుల మీదుగా భూమ్మీద పడ్డ పిల్లల ఫొటోలు అందులో ఉన్నాయి. తల్లులు తమ కోసం తీయించుకుని ఆమెకీ ఒక్కోటి ఇచ్చినవి, మొత్తం పదకొండు వందల నలభై ఆరు.

వీడ్కోలు సభ వీడియో కూడా వాటి పక్కనే దాచుకుందామని ఆదివారం పొద్దున కంప్యూటర్ ముందు కూర్చుంది. డిస్క్ ససేమిరా అంది. ఫైలు మరీ పెద్దదట.

"సగం పైగా ఖాళీ పెట్టుకుని పట్టదంటుందేమిటి, విడ్డూరం కాకపోతే!" అని కూతుర్ని కేకేసింది. కూతురు మొగుణ్ని పంపింది.

అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే కానీ, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. పెళ్లై నాలుగేళ్లయినా అత్తగారితో "సరేనండి" దాటి ఒక్క ముక్క మాట్లాడిన పాపాన పోలేదు.

"పాత ఫైల్ సిస్టమ్ అండి," అన్నాడు చూసి. "ఎంత ఖాళీ ఉన్నా, నాలుగు జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. మార్చాలి."

తెర మీద 'ఫార్మాట్' అని, కింద 'అన్నీ చెరిగిపోతాయి' అని కనబడ్డాయి. నర్సమ్మ చటుక్కున అతని చెయ్యి పట్టేసుకుంది.

"ఆగండి బాబూ! నా పిల్లలు!"

అతను తెల్లబోయాడు. "అది నొక్కనండీ. కన్వర్ట్ అని ఇంకో దారుంది. ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి."

"మధ్యలో కరెంటు పోతే?"

అతను సంచీలోంచి తన డిస్క్ తీశాడు. "లిఫ్టుని ఒక్క తాడు మీద వేలాడదీయమండి. ముందు అన్నీ నా డిస్క్‌లోకి కాపీ చేద్దాం."

కాపీ అయింది. లెక్కా సరిపోయింది. అయినా నర్సమ్మకి మనసొప్పలేదు, తెరిచి చూడాల్సిందేనంది. ఒక్కో ఫొటోకీ ఒక్కో కథ. "వీడు కాళ్లతో ఎదురొచ్చాడు. ఇదిగో, ఈ పిల్ల కవల. అక్క పుట్టాక అరగంట దాకా నేను రానంటే రానని కూర్చుంది."

అల్లుడు ఫక్కున నవ్వాడు. తర్వాత తనంతట తనే మొదలుపెట్టాడు. "ఓసారి నిండు చూలాలు లిఫ్టులో ఇరుక్కుందండి. నా పానా రెండుసార్లు జారి కింద పడేసరికి, 'కంగారు పడకు తమ్ముడూ' అని లోపల్నుంచి ఆవిడే నాకు ధైర్యం చెప్పింది."

నర్సమ్మ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఇంతకీ ఏ బిడ్డ?"

"ఆడపిల్లండి. వారం తర్వాత, ఆస్పత్రిలోనే."

కూతురు గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఈయన మాట్లాడుతున్నారా!"

"నువ్వు ఆ వైరు తొక్కకు ముందు," అని కసిరింది తల్లి.

కన్వర్ట్ నడుస్తున్నంతసేపూ నర్సమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు. పూర్తయ్యాక ఫొటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈసారి వీడియో కూడా కిక్కురుమనకుండా లోపలికెళ్లింది.

అల్లుడు లేస్తాడనుకుంది. అతను కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "తర్వాతి ఫొటో ఎవరిదండి అత్తయ్యగారూ?" అన్నాడు.