ఐదో మాట

రంగుల మిల్లులో ఆమెను అందరూ గద్దకళ్ళు అని పిలిచేవారు. తిట్టు కాదు, బిరుదే. మనబోటివాళ్ళకి అచ్చు ఒకేలా కనిపించే రెండు గుడ్డల్లో ఏది ఒక పిసరు ముదురో నిలబడ్డపాటున చెప్పేసేది. ఆ విద్య నేర్పింది బాబాయి. తండ్రి పోయాక ఆమెను పెంచినవాడూ, మిల్లులో పెట్టించినవాడూ ఆయనే. ముప్పై ఏళ్ళుగా అక్కడ రంగులు కలిపే పని ఆయనది.

మిల్లులో ఒక పద్ధతి ఉంది. అద్దకం పూర్తయిన ప్రతి సరుకులోంచీ జానెడు ముక్క కత్తిరించి, తెల్లదీపం కింద, కొన్నవాళ్ళిచ్చిన నమూనా పక్కన పెడతారు. ఐదుగురు బల్ల చుట్టూ నిలబడి, ఒక్కొక్కరే ‘సరిపోయింది’ అనో ‘తేడా ఉంది’ అనో చెప్పి పుస్తకంలో సంతకం చేస్తారు. పూర్వం చిన్నవాళ్ళు ముందు చెప్పేవారు. కొత్త మేనేజరు దాన్ని తిరగేశాడు. ముందు తను, తర్వాత సూపర్‌వైజరు, స్టోరు గుమాస్తా, మిషను మేస్త్రీ, అందరికన్నా చివర గద్దకళ్ళు. దీనివల్ల టైము కలిసొస్తుందన్నాడు. అబద్ధమెందుకు చెప్పాలి, బాగానే కలిసొచ్చింది. ఆయన నోరు విప్పాక మిగతా నలుగురికీ కలిపి నిమిషం కూడా పట్టేది కాదు.

నీలం సరుకు అద్దిన రోజు బాబాయి ఆమెను పక్కకి పిలిచాడు.

“ఈసారి వచ్చిన రంగు బాలేదమ్మా. ఎర్ర జీర కొడుతోంది. సార్‌కి చెప్తే, గడువు దగ్గరపడింది, వేసెయ్ అన్నాడు. బల్ల దగ్గర నువ్వుంటావుగా, పట్టేస్తావులే.”

పట్టేసింది కూడా. దీపం వెయ్యగానే ఆ ఎరుపు కంట్లో నలుసులా తగిలింది. మేనేజరు “సరిపోయింది” అన్నాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. తన వంతు వచ్చేసరికి వాళ్ళప్పుడే పెన్నులకి మూతలు పెట్టేస్తున్నారు.

“సరిపోయిందండి” అంది. అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

పదిహేను రోజులకి సరుకంతా తిరిగొచ్చింది. రంగు ఎర్రబారిందని కొన్నవాళ్ళ ఉత్తరం. మేనేజరు తర్కం మహా సులువైనది. ఐదుగురు చూసి బాగుందన్న రంగు తర్వాత చెడిందంటే, ముక్క కత్తిరించాక మిగతా సరుకుతో రంగు కలిపినవాడే ఏదో చేసుండాలి. మర్నాటికి విచారణ పెట్టాడు. తప్పు తేలితే బాబాయి ఉద్యోగం ఊడినట్టే.

ఆ సాయంత్రం బాబాయి ఆమె ఇంటికొచ్చాడు. “ఆ ముక్క పుస్తకంలోనే అంటించి ఉంది కదమ్మా. అదే ఎర్రగా ఉందని రేపు నువ్వొక్క మాట చెప్పు. నాకు అది చాలు.”

ఎరుపు కనిపించినా సరిపోయిందన్నానని ఆయన మొహం మీద చెప్పడానికి ఆమెకి సిగ్గేసింది. “ఆ రోజు హడావుడిలో సరిగ్గా చూళ్ళేదు బాబాయ్. రేపు చూసి చెప్తాను, ఒట్టు” అంది. ఆయన వెళ్ళాక గిన్నెలు తోముతూ ‘తేడా ఉందండి’ అని పదిసార్లు పైకే అనుకుంది.

పొద్దున మెట్ల మీద మిషను మేస్త్రీ ఎదురై గొంతు తగ్గించాడు. “నాకూ అనుమానంగానే ఉందమ్మా. నువ్వు తేడా అను, నీ వెనక నేనుంటాను.”

వెనక ఉంటానన్నవాడి వంతు ముందొచ్చింది. అదీ ఖర్మ. మేనేజరు పుస్తకం తెరిచి, ముక్క పక్కన నమూనా పెట్టి, “ఎవరి బలవంతమూ లేదు, మళ్ళీ చూడండి. నాకైతే సరిపోయింది” అన్నాడు. సూపర్‌వైజరుకి సరిపోయింది. గుమాస్తాకి సరిపోయింది. మేస్త్రీ బల్ల అంచుకేసి చూస్తూ “సరిపోయింది సార్” అన్నాడు.

గదిలో బెదిరించినవాడు లేడు, అరిచినవాడు లేడు. నలుగురు మర్యాదస్తులు ఆమె మాట కోసం ఓపిగ్గా ఎదురు చూస్తున్నారు, అంతే. గుమ్మం పక్కన బాబాయి ఆమెనే చూస్తున్నాడు. సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు.

“సరిపోయిందండి.”

మేనేజరు పుస్తకాన్ని బాబాయి వైపు తిప్పాడు. “నువ్వే చూడు పెద్దాయనా. నీకేమైనా తేడా కనిపిస్తోందా?”

బాబాయి కళ్ళజోడు తుడుచుకుని వంగి చాలాసేపు చూశాడు. తలెత్తి ఆమెను చూశాడు. మళ్ళీ ముక్కని చూశాడు.

“సరిపోయినట్టే ఉంది సార్” అన్నాడు.

గేటు బయట ఆమె పరుగున వెళ్ళి ఆయన్ని అందుకుంది. “నువ్వు తేడా ఉందంటే నా ఉద్యోగం పోతుందనే కదా బాబాయ్ అలా అన్నావు?”

“లేదమ్మా.” ఆయన గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. “నువ్వు నాతో అబద్ధమాడవు కదా. చూసి చెప్తానన్నావు, చూసే చెప్పావు. ఆ తర్వాత ఎంత చూసినా నాకూ ఎరుపు కనపడలేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా తప్పు కలుపుతున్నానో, ఏమో.”

చెప్పాలంటే అదే సమయం. ఎర్రగానే ఉంది బాబాయ్, నీ కళ్ళకేం కాలేదు అంటే సరిపోయేది. ఆమె వెనక్కి చూసింది. గేటు దగ్గర మేస్త్రీ, గుమాస్తా ఆగి ఇటే చూస్తున్నారు.

“వయసు కదా బాబాయ్” అంది. “రేపు సెలవు పెడతాను. కళ్ళ డాక్టరుకి చూపిద్దాం.”

ఆయన సరేనన్నాడు.