ఉడకని సున్నపురాయి

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజుల్లో, డోన్ దగ్గర చౌడప్ప సున్నపు బట్టీల్లో నేను కెమిస్టును. ఆ బట్టీల్లో రాయి పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. వాటి బదులు కొత్త రకం పొయ్యి పెడదామని ఆయన్ను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

సంగతి తేలికే. నిలువుగా ఒక ఇనుప డ్రమ్ము, దాని అడుగున సన్న బెజ్జాల రేకు. రేకు మీద రాతినూక పోసి కింది నుంచి వేడి గాలి తోలితే, నూకంతా లేచి ఎసట్లో బియ్యంలా కుతకుతలాడుతుంది. ప్రతి గింజా సమంగా కాలుతుంది. గాలి ఎంత జోరుగా పోవాలో, బుడగలు ఎంతెంత లేస్తాయో, ఏ వేడికి రాయి ఎంత సున్నమవుతుందో లెక్కలు కట్టాను. గాజు గొట్టంలో నూక పోసి చూస్తే గాలి అచ్చం లెక్క చెప్పినట్టే నడిచింది.

"డ్రమ్ములోనూ ఇట్లే ఆడితే సరి. లేదంటే ఇప్పి పాత ఇనుముకు ఏసేస్తా" అన్నాడు చౌడప్ప.

శుక్రవారం పొయ్యి ముట్టించాం. నూక మొదట బాగానే ఆడింది. వేడి ఎక్కేకొద్దీ ఒక పక్కే చిమ్ముతూ, మిగతాదంతా మొండికేసి కూర్చుంది. గాలి జోరు పెంచాను, తగ్గించాను. చౌడప్ప తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చల్లారాక మేస్త్రీ పెద్ద ఈరన్న, నేను కలిసి నూక తోడేశాం. రేకు మీద నల్లగా అట్టు కట్టి ఉంది. సగం బెజ్జాలు పూడిపోయాయి. ఉలితో ఒక ముక్క పెకలించి వాసన చూశాను. మాడిన పాకం వాసన.

"ఇదేంది ఈరన్నా?"

"బెల్లమే గదా సార్" అన్నాడు, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "కొత్త బట్టీ ముట్టిచ్చేటప్పుడు చౌడమ్మ తల్లికి బెల్లం అచ్చు నైవేద్యం పెడ్తాం. నూక పొయ్యకముందే చౌడప్పన్న తన చేత్తోనే పెట్టినాడు."

తల పట్టుకున్నాను. పాత బట్టీలో ఎంత బెల్లం వేసినా బూడిదైపోతుంది. ఇక్కడ కరిగి బెజ్జాల్లోకి దిగి మాడింది. ఇన్ని లెక్కలు కట్టినవాణ్ణి, బెల్లానికి లెక్క ఎక్కడ కట్టను? అయినా కాస్త ప్రాణం లేచొచ్చింది. తప్పు పొయ్యిది కాదు. ముక్క పట్టుకుపోయి చౌడప్పకు అంతా విడమరిచి చెప్పాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

"పాత బట్టీల్లో అమ్మ ఏనాడూ ఇంత ముక్క మిగల్చలేదప్పా. ఈడ ముట్టకుండా ఇడిసిపెట్టినాది. ఆయమ్మకు ఈ పొయ్యి ఇష్టం లేదు."

"మిగల్చడం కాదన్నా, బెజ్జాలకు అంటుకుని..."

"ఎందుకు అంటుకున్నాది? అది చెప్పు."

గోడకు చెప్పుకున్నట్టుంది నా పని. కోపం దిగమింగుకుని చివరి మాటగా అడిగాను. "రేకు శుభ్రం చేపిస్తా. ఇంకొక్క తూరి ముట్టిద్దాం, బెల్లం ల్యాకుండా. సమంగా కాలకుంటే నేనే ఇప్పేస్తా."

చౌడప్ప నన్ను జాలిగా చూశాడు.

"కాల్తాదిలేప్పా. నువ్వు శానా చదువుకున్నోనివి, నేను కాదనను. ఆయమ్మకు పెట్టకుండా కాలే సున్నం నాకొద్దు" అని, ఈరన్నను పిలిచి బోల్టులు విప్పమన్నాడు.